కేళాకూళిలో పచ్చనీరు

ప్రబంధములు చదివిన సోదరీమణులకు కేళాకూళి యన నెట్టిదో చెప్పనక్కఱలేదు. చంద్రకాంతశిలల మెట్లు, కలువలు, హంసలు గలిగి అంతఃపురోద్యానములలో నొప్పు క్రీడాసరస్సు. నాయిక చెలికత్తెలతో జలక్రీడ సలుపునప్పుడెల్ల నందలి నీరు స్ఫటికమువలె నుండును గాని, దాని పాచి తీసినదెవరో మేము చదివినంతలో నే కవియు చెప్పలేదు.

ఇపుడు హైదరాబాదు చుట్టుపట్ల తోటయిండ్లలోను, అమెరికాలో టెక్సాసువంటి యెండ మిక్కుటమగు సీమలలో కాపురమున్న మన బిడ్డల యిండ్లలోను చిన్న చిన్న ఈతకొలనులు వెలసినవి. కొలను కట్టించువారు పురుషులే యైనను, నీరు పచ్చబాఱిననాడు అందఱును చూచునది ఇల్లాలి ముఖమువంకనే. అందుచేత నీ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

నీటిని పచ్చజేయునది రంగు గాదు, ప్రాణము గల పదార్థము. కంటికి గానరాని నాచుకణములు గాలిలోని ధూళితోను, వానచినుకులతోను ఎల్లప్పుడు వచ్చి పడుచునే యుండును. ఎండ, వెచ్చదనము, కదలని నీరు, రాలిన యాకులును స్నానమాడువారి దేహమాలిన్యమును సమకూర్చు నెరువు, ఇవి యన్నియు కూడి, నీటిలోని క్లోరిను తఱిగిపోయినచో, ఒకటి రెండు దినములలోనే కొలను చివురాకు వన్నె దాల్చును. తరువాత అడుగు కనబడదు.

అడుగు కనబడకపోవుటయే మొదటి యపాయము. పచ్చనీట మునిగిన బిడ్డ గట్టుమీద నిలిచిన తల్లికి గానరాదు. కావున కొలనునకు బోవు తలుపునకు తాళము వేయుటయే చికిత్సలో మొదటి మెట్టు. మందుమాట తరువాత. రెండవ యపాయము: నాచు పెరిగినదనగా నీటిలో క్లోరిను లేదని సాక్ష్యము. అట్టి నీట నితర క్రిములును వర్ధిల్లును. 2024వ సంవత్సరమున కేరళదేశమునందు నదిలోను, చెరువులోను స్నానమాడిన పిల్లలు కొందఱు మెదడు వాచి మరణించిరి. అందులకు కారణము వెచ్చని మంచినీట పెరుగు అమీబా యను సూక్ష్మజీవి. ఆ నీరు త్రాగుటవలన నీ రోగము రాదు. ముక్కులోని కెక్కిన వచ్చును. ఇది మిక్కిలి యరుదైనదే గాని, వచ్చినచో బ్రతికినవారు కొద్దిమంది. కొలనునీట క్లోరిను తగినంత యుంచుటయే దీనికి కాపుదల.

మా పినతల్లి కొమార్తె యింటి కొలను 5 మీటరుల పొడవు, 3 మీటరుల వెడల్పు, 1 మీటరు లోతు. అనగా 15,000 లీటరుల నీరు. గత జ్యేష్ఠమున తొలకరి పడిన మూడవనాడు అది చెఱువువలె పచ్చబాఱినది. నీరంతయు తోడి పాఱబోయుదమని ఇంటివారొకరనిరి. వేసవి చివర కొన్న నీరది, పెద్ద టాంకరులు మూడు! నేలలో నీరూరిన వానకాలమున కొలను ఖాళీచేసినచో, క్రిందినుండి యొత్తిడికి అడుగు బీటలువారు ప్రమాదమును గలదు. తోటమాలి మైలుతుత్తము వేయుదమనెను. మైలుతుత్తము నాచును చంపుట నిజమే. 1904లోనే అమెరికా ప్రభుత్వశాస్త్రజ్ఞులగు మూరు, కెల్లర్మను అనువారు చెఱువులనీటికి దీనిని సూచించిరి. కాని రాగి యెక్కువైనచో గోడలకు మఱకలుపట్టును, చేపలు చచ్చును, పిల్లలు మ్రింగిన వాంతులగును. పైగా రోగక్రిముల విషయమున దానిని నమ్మరాదు. చిల్లగింజల మాటయు వచ్చినది. సుశ్రుతసంహితయందు నీటిని తేర్చువానిలో దీనిని కతకమను పేర చెప్పియున్నారు. బిందెలోని బురదనీటి కది మేలైనదే. బ్రతికియున్న నాచుమీద దాని ప్రతాపము చాలదు.

తుదకు చేసిన విధమిది. ముందు వలతో ఆకులన్నియు తీసి, పొడవాటి కుంచెతో గోడలు, మెట్లు, మూలలు రుద్దితిమి. ఇది చేయక మందెంత వేసినను వ్యర్థము. జిగట పొరక్రింద నాచు దాగియుండును. పిమ్మట పరీక్షకాగితముతో నీటి పుల్లదనము చూచితిమి. ఆ యంకె 7.2 మొదలు 7.8 వఱకు నుండవలెను. 7.5 వద్ద క్లోరినులో ఇంచుమించు సగము చుఱుకుగా పనిచేయును. 8 అయినచో నాల్గవవంతు మాత్రమే. సున్నపుగుణము గల బ్లీచింగుపొడి యీ యంకెను పెంచునుగాన ముందే చూచుకొనవలెను.

నూటికి 33 పాళ్లు క్లోరిను గల మంచి బ్లీచింగుపొడి, వేయి లీటరులకు 30 గ్రాముల చొప్పున 450 గ్రాములు తూచితిమి. దానివలన లీటరునకు 10 మిల్లీగ్రాముల క్లోరిను చేరును. ప్లాస్టికు బకెట్టులో ముందు నీరుపోసి, పొడిని కొంచెము కొంచెముగా కలిపి, సున్నము దిగినపిదప పైతేట మాత్రము కొలనులో చుట్టును పోసితిమి. ఎండ క్లోరినును త్వరగా హరించునుగావున ఇది ప్రొద్దు క్రుంకిన తరువాతనే చేయవలెను. పంపును రాత్రింబవళ్లు నడిపించి, ఇసుకజల్లెడను దినమున కొకమాఱు వెనుకకు కడిగితిమి. మఱునాడు పచ్చదనము పోయి నీరు పాలవన్నె బూడిదగా మాఱినది. ఇంటివారు కలతజెందిరి గాని, అది చచ్చిన నాచు. మూడవనాడు పంపు నాపి, వేయి లీటరులకు 20 గ్రాముల చొప్పున 300 గ్రాముల పటిక కరగించి పోయగా, తెల్లవాఱునప్పటికి మడ్డి యడుగున పేరినది. దానిని కదలింపక గొట్టముతో బయటికి లాగితిమి. నాలుగవనాడు అడుగున వేసిన నాణెము గట్టుమీదికి కనబడినది. క్లోరిను 3 మిల్లీగ్రాములకు దిగినపిదపనే పిల్లలను దింపిరి.

పొడివిషయమున నొక హెచ్చరిక. బ్లీచింగుపొడిని స్నానపుగది కడుగు యాసిడుతో నెన్నడును కలుపరాదు. విషవాయువు పుట్టి ఊపిరి నడ్డును. కొలనుబిళ్లలని యమ్మువానితోను కలుపరాదు, మంటలు లేచును. ఒకే గరిటెతో రెండును తీయుటయు కూడదు. మూత వదులైన డబ్బాలోని పొడి మన యెండలకు సారము గోల్పోయి సుద్దవలె మిగులును. అట్టిదానిని తూచి వేసి, మందు పనిచేయలేదని విచారించిన ప్రయోజనమేమి?

పిదప నిత్యము లీటరునకు 1 మొదలు 3 మిల్లీగ్రాముల క్లోరిను నిలుపుకొన్న చాలును. కొలను ఘాటుగా వాసనకొట్టినచో మందెక్కువైనదని కొందఱు తలతురు. పెక్కుతఱి చెమటయు మూత్రమును క్లోరినుతో కలియగా పుట్టు వాసన యది. కావున దిగుటకు ముందు పిల్లలకు తలమీదుగా నొక బిందెడు నీళ్లు పోయుడు. విరేచనములగు బిడ్డను అవి కట్టిన తరువాతను కొన్ని దినములు కొలనులో దింపకుడు. కొన్ని క్రిములు క్లోరినుకును లొంగవు.