గంట మోగితే ఎవరొస్తారు?

మతిమరుపు అనగానే మనకి ముందు నవ్వు వస్తుంది. కళ్ళజోడు నుదుటిమీద పెట్టుకుని ఇల్లంతా వెతికే తాతగారు, పొయ్యిమీద పాలు పెట్టి పక్కింటి పిన్నిగారితో కబుర్లలో పడ్డ బామ్మగారు మన కథల్లోనూ సినిమాల్లోనూ కావలసినంతమంది ఉన్నారు. అదే మతిమరుపు ముదిరి, అడిగిందే అడుగుతూ, తిన్న అన్నం తినలేదంటూ, చివరికి సొంత కూతుర్ని పట్టుకుని "ఎవరమ్మా నువ్వు?" అనేదాకా వస్తే దానికి మనం పెట్టుకున్న పేరు "చాదస్తం". లేదా "వయసు మీదపడింది, అంతే". అది మెదడు కణాలు క్షీణించడంవల్ల వచ్చే జబ్బు అనీ, దాన్ని డిమెన్షియా అంటారనీ మనలో చాలామందికి ఈ దేశం వచ్చాకగాని తెలియలేదు.

ఈ జబ్బుల్లో ముఖ్యమైనదాన్ని 1906లో మొదటిసారి వర్ణించినవాడు జర్మను వైద్యుడు ఆల్జైమర్. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2021 నాటికి ప్రపంచంలో 5 కోట్ల 70 లక్షలమందికి డిమెన్షియా ఉంది. బ్రిటన్‌లో ఈ సంఖ్య సుమారు 10 లక్షలు. భారతదేశంలో అరవై ఏళ్ళు దాటినవారిలో నూటికి ఏడుగురికి పైగా, అంటే 88 లక్షలమంది దీనితో బాధపడుతున్నారని 2023లో వెలువడిన పెద్ద సర్వే అంచనా కట్టింది. అరవైల్లో, డెబ్భైల్లో ఇక్కడి ఆసుపత్రుల్లో పనిచేయడానికి వచ్చిన మన తెలుగు డాక్టర్లకి ఇప్పుడు ఎనభై దాటాయి. తరవాత వచ్చిన కంప్యూటరు ఇంజనీర్ల తల్లిదండ్రులు గుంటూరులోనో కరీంనగర్‌లోనో ఒంటరిగా ఉన్నారు. కాబట్టి ఈ లెక్కలు ఎవరివో కావు, మనవే.

పిల్లలు ఉద్యోగాలకి పోతే పెద్దవాళ్ళని కనిపెట్టుకుని ఉండేదెవరు? "మేమున్నాం" అంటూ ఇప్పుడు బజారులోకి రకరకాల యంత్రాలు వచ్చాయి. వాటిలో ఏది దేనికి పనికొస్తుందో, ఎక్కడ చేతులెత్తేస్తుందో తెలుసుకోవడం మంచిది.

ఇంటిని కాపలా కాసే పరికరాలు

అన్నిటికంటె పాతది, ఇక్కడి కౌన్సిళ్ళు ఎక్కువగా ఇచ్చేది మెళ్ళో వేసుకునే మీట. పడిపోతే నొక్కాలి. నొక్కగానే ఇంట్లోని పెట్టె టెలిఫోను ద్వారా ఒక కేంద్రానికి కబురు పంపుతుంది. అక్కడివాళ్ళు పెట్టెలోంచే "ఏమైందండీ?" అని పలకరిస్తారు. మందబుద్ధి లేని ముసలివారికి ఇది వరమే. డిమెన్షియా ఉన్నవారికి మాత్రం ఇందులో ఒక చిక్కుంది. మెళ్ళో ఉన్నది మీట అని గుర్తుండాలి, పడ్డప్పుడు నొక్కాలని గుర్తుండాలి. జ్ఞాపకశక్తే జబ్బు పడ్డప్పుడు జ్ఞాపకంమీద ఆధారపడే పరికరం ఎంతవరకు ఆదుకుంటుంది?

అందుకని ఎవరూ నొక్కనక్కరలేనివి వచ్చాయి. మంచంమీది పరుపు కింద పరిచే పట్టీ, మనిషి రాత్రి లేచి ఇంతసేపటికీ తిరిగి పడుకోకపోతే కబురు పంపుతుంది. వీధి తలుపుకి బిగించేది అర్ధరాత్రి తలుపు తెరిస్తే మోగుతుంది. గది మూల గోడకి పెట్టే సెన్సరు మనిషి ఒంటి వేడిని బట్టి కదలికని పసిగడుతుంది. వంటింట్లో పొయ్యి వెలగకుండా గ్యాసు వదిలేస్తే సరఫరా ఆపేసే కవాటం ఉంది. స్నానాల తొట్టి పొర్లితే చెప్పేది ఉంది. మందుల డబ్బా ఒకటి తాళం వేసి ఉండి, వేళకి మోగి, ఆ పూట మాత్రలు ఉన్న అర మాత్రమే తెరుచుకుంటుంది. "ఇప్పుడు సోమవారం ఉదయం" అని పెద్ద అక్షరాలతో చూపే గడియారం అన్నిటిలోకి చవకది. రాత్రి రెండింటికి లేచి ఆఫీసుకి తయారయ్యే పెద్దాయనకి అదే ఎంతో మేలు.

దారి తప్పేవారికోసం జీపీఎస్ ఉన్న గడియారాలు, చెప్పుల్లో అమర్చేవి ఉన్నాయి. ఉపగ్రహాల సంకేతాలతో తామెక్కడున్నదీ లెక్కగట్టి, సిమ్ కార్డు ద్వారా మీ ఫోనుకి చెబుతాయి. రోజూ గుర్తుపెట్టుకుని చార్జి చెయ్యాలి. కట్టడాల లోపల సంకేతం సరిగా అందదు. అందుచేత దీనితోబాటు "హెర్బర్ట్ ప్రొటోకాల్" అనే కాగితం కూడా నింపి ఉంచుకోండి. నార్మండీ యుద్ధంలో పోరాడిన జార్జి హెర్బర్ట్ అనే ఆయన డిమెన్షియాతో తన చిన్ననాటి ఇంటిని వెతుక్కుంటూ పోయి మరణించాడు. ఆయన పేరిట ఇక్కడి పోలీసులు పెట్టిన ఫారం ఇది. మనిషి ఫోటో, ఆనవాళ్ళు, పాత చిరునామాలు, ఇష్టంగా వెళ్ళే చోట్లు ముందే రాసి ఉంచితే, తప్పిపోయిననాడు వెతుకులాటలో విలువైన గంటలు కలిసొస్తాయి. దీనికి చార్జింగు అక్కరలేదు, డబ్బూ అక్కరలేదు. మన పెద్దవాళ్ళు ఏ గుడి వైపు, ఏ దుకాణం వైపు నడుస్తారో మనకి తప్ప ఎవరికి తెలుసు?

దూరంనుంచి చూడడం

దూరాన ఉన్నవారిని గమనించడానికి అందమైన ఉపాయం జపానువాళ్ళు 2001లోనే కనిపెట్టారు. జోజిరుషి అనే కంపెనీ వేడినీళ్ళ పాత్రకి చిన్న రేడియో అమర్చింది. అమ్మ టీ కోసం నీళ్ళు వంపుకున్నప్పుడల్లా ఆ సంగతి నమోదై, ఊళ్ళో లేని పిల్లలకి ఈమెయిల్‌గా అందుతుంది. కెమేరా లేదు, పరువుకి భంగం లేదు. టీ తాగింది అంటే లేచి తిరుగుతోందన్నమాట.

ఈ దేశంలో సర్రే జిల్లాలో 2016లో మొదలైన ఒక ప్రయోగంలో దీన్ని ఇంకా ముందుకి తీసుకుపోయారు. ఇంట్లో అమర్చిన సెన్సర్ల సమాచారాన్ని కంప్యూటరు రోజూ పరిశీలించి, మనిషి అలవాట్లలో వచ్చే మార్పుని పట్టుకుంటుంది. మరుగుదొడ్డికి వెళ్ళడం ఎక్కువైతే మూత్రకోశంలో ఇన్‌ఫెక్షను ఉండవచ్చునని నర్సుని హెచ్చరిస్తుంది. డిమెన్షియా ఉన్నవారు ఆసుపత్రి పాలవడానికి ముఖ్యమైన కారణాల్లో ఇదొకటి. సెన్సర్లు లేకపోయినా ఈ సంగతి గుర్తుంచుకోండి. రెండు రోజుల్లో ఒక్కసారిగా పెద్దావిడ మతి మరీ చెడితే, "జబ్బు ముదిరింది" అని ఊరుకోక వెంటనే డాక్టరుకి చూపించండి. ఇన్‌ఫెక్షను తగ్గితే మనిషి చాలావరకు తేరుకోవచ్చు.

పరిశోధన చెప్పిన చేదు నిజం

ఇన్ని పరికరాలు ఉన్నాయి కదా, వీటివల్ల డిమెన్షియా ఉన్నవారు వృద్ధాశ్రమానికి పోకుండా ఇంట్లోనే ఎక్కువకాలం ఉండగలుగుతున్నారా? ఈ ప్రశ్నకి జవాబుకోసం ఇంగ్లండులో "అటిలా" అనే పెద్ద పరిశోధన చేశారు. 495 మందిని తీసుకుని, చీట్లు వేసినట్లుగా రెండు జట్లు చేశారు. ఒక జట్టుకి అవసరాన్నిబట్టి పూర్తి పరికరాలు, రెండో జట్టుకి మామూలు కనీస పరికరాలు ఇచ్చి రెండేళ్ళు గమనించారు. 2021లో ఫలితాలు ప్రకటించారు. రెండు జట్లకీ చెప్పుకోదగ్గ తేడా లేదు. పరికరాలు ఎక్కువ ఉన్నంతమాత్రాన ఇంట్లో ఉండే కాలం పెరగలేదు, చూసుకునేవారి బరువూ తగ్గలేదు.

దీన్నిబట్టి యంత్రాలన్నీ దండగ అనుకోకూడదు. గ్యాసు ఆపే కవాటం గ్యాసుని ఆపుతుంది, తలుపు గంట తలుపు సంగతి చెబుతుంది. అంతకుమించి మనం ఆశించడంలోనే పొరపాటు. అన్నం తినిపించడం, స్నానం చేయించడం, భయపడినప్పుడు పక్కన కూర్చోవడం ఏ పెట్టె చేస్తుంది? పరికరం పని కబురు పంపడంవరకే. ఆ కబురు అందుకుని వచ్చేవాళ్ళు లేకపోతే గంట మోగీ ప్రయోజనం లేదు.

వచ్చేదెవరు, మాట్లాడేది ఏ భాష?

కౌన్సిలు మెడమీట ఇచ్చేటప్పుడు ఒక ఫారం నింపమంటుంది. దగ్గరలో ఉండి, తాళంచెవి కలిగి, పిలిస్తే రాగలవారి పేర్లు రాయాలి. ఇంగ్లీషువాళ్ళు పక్కింటివారి పేరు, చర్చి స్నేహితురాలి పేరు రాసేస్తారు. మనం? కొడుకు పేరు రాస్తాం, కోడలి పేరు రాస్తాం. ఇద్దరూ లండనులో ఆఫీసులో ఉంటారు. మూడో పేరు దగ్గర కలం ఆగిపోతుంది. పాతికేళ్ళుగా ఒకే వీధిలో ఉన్నా పక్కింటివారికి తాళంచెవి ఇచ్చేంత చనువు మనలో చాలామందికి లేదు.

ఇంకొకటి, భాష. ఈ జబ్బులో తరవాత నేర్చుకున్న భాష ముందుగా జారిపోయి, చిన్ననాటి భాష మిగలడం తరచుగా కనిపిస్తుంది. నలభై ఏళ్ళు ఇంగ్లీషులో రోగుల్ని పరామర్శించిన పెద్దమనిషి కూడా చివరికి తెలుగులోకే వచ్చేస్తారు. అటువంటాయనతో అర్ధరాత్రి గోడమీది పెట్టె ఇంగ్లీషులో మాట్లాడితే ఇంట్లో దొంగలు పడ్డారనుకుంటారు. కొనేముందే ఆ పరికరం ఏ భాషలో పలుకుతుందో అడగండి. మాట రికార్డు చేసే వీలున్న గడియారాలు, మందుల డబ్బాలు దొరుకుతాయి. "నాన్నా, మాత్రలు వేసుకోండి" అని మీ గొంతుతోనే రికార్డు చెయ్యండి.

భాష సంగతి వచ్చింది కనుక మనవాళ్ళు గర్వపడదగ్గ విషయం ఒకటి చెప్పాలి. హైదరాబాదు నిమ్స్ ఆసుపత్రిలో డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం, ఎడింబరో విశ్వవిద్యాలయం శాస్త్రజ్ఞుడితో కలిసి, 648 మంది డిమెన్షియా రోగుల్ని పరిశీలించింది. ఒక్క భాషే తెలిసినవారికంటె రెండు, అంతకుమించి భాషలు మాట్లాడేవారికి జబ్బు సగటున నాలుగున్నర ఏళ్ళు ఆలస్యంగా మొదలైందని 2013లో ప్రకటించారు. చదువురానివారిలోనూ ఈ తేడా కనిపించింది. ఇంట్లో పిల్లలతో తెలుగు మాట్లాడటానికి బద్ధకించేవారు ఆలోచించుకోవాలి.

సముద్రాల అవతలి అమ్మ

మనలో ఎక్కువమంది గతి ఇదే. ఇక్కడ కూర్చుని ఫోనులో హైదరాబాదులోని హాలు చూస్తుంటాం. అమ్మ కుర్చీలో కూర్చుంది, సరే. కుర్చీలోంచి జారిపడితే? మనం ఇక్కడ కేకలు వేయడం తప్ప చేయగలిగింది లేదు. అందుకని కెమేరా కొనేముందు మనుషుల జాబితా తయారు చేసుకోవాలి. పక్క ఫ్లాటు ఆంటీ, వాచ్‌మన్, బాబాయిగారబ్బాయి, దగ్గరి డాక్టరు, వీళ్ళ నంబర్లు వరసగా గోడమీద అంటించి ఉండాలి. తాళంచెవి ఒకటి వారిలో ఒకరి దగ్గర ఉండాలి. 2005లో మన రాష్ట్రంలోనే పుట్టిన 108 అంబులెన్సు, వృద్ధుల సహాయానికి 2021లో దేశమంతటా వచ్చిన 14567 నంబరు కూడా ఆ కాగితంమీద రాయాలి. కరెంటు పోతే ఇంటర్నెట్టు పోతుంది కనుక ఆ పెట్టెని కూడా ఇన్వర్టరుకి కలిపించండి. 1992లో కేరళలో మొదలైన ఆల్జైమర్స్ సొసైటీకి ఇప్పుడు చాలా నగరాల్లో శాఖలున్నాయి. సలహా చెబుతారు.

కెమేరా పెట్టేముందు అమ్మని అడగాలి. "ఆవిడకేం తెలుస్తుంది?" అనవద్దు. మరిచిపోవడంవల్ల మనిషికి సిగ్గు, అభిమానం పోవు. ఇంగ్లండు, వేల్సుల్లో 2005 నాటి చట్టం కూడా అదే చెబుతుంది. మనిషికి సొంతంగా నిర్ణయించుకునే శక్తి ఉందనే ముందుగా భావించాలి. లేదని తేలితే, ఆ మనిషి స్వేచ్ఛకి తక్కువ అడ్డు వచ్చే మార్గం ఎంచుకోవాలి. జబ్బు తొలిదశలో ఉండగానే అడిగి, ఆవిడ మాట రాసి ఉంచుకోవడం ఉత్తమం. హాల్లో ఉంచినా పడకగదిలో, స్నానాలగదిలో కెమేరా వద్దు. తలుపు సెన్సరుతో తెలిసేదానికి కెమేరా ఎందుకు?

ఇక్కడ ఉన్నవారికి మరో హెచ్చరిక. పాత రాగితీగ టెలిఫోను లైన్లు మూసివేయడానికి 2027 జనవరి చివర గడువు పెట్టారు. పాత మెడమీటలు కొన్ని కొత్త లైనుమీద పనిచేయవు. కరెంటు పోతే కొత్త ఫోనూ పనిచేయదు, దానికి బ్యాటరీ ఉండాలి. 2023లో కొన్ని ప్రమాదాలు జరిగాక, అటువంటివారి లైన్లు హడావుడిగా మార్చబోమని కంపెనీలు ప్రభుత్వానికి మాట ఇచ్చాయి. అయినా మీ ఇంట్లో మీట ఉన్నట్లు ఫోను కంపెనీకి మీరే చెప్పండి. లైను మారాక ఒకసారి నొక్కి చూడండి. ఇంగ్లండులో కౌన్సిలుని అడిగితే ఇంటికి వచ్చి అవసరాలు ఉచితంగా అంచనా వేస్తారు. ఆ అంచనాలో అవసరమని తేలిన వెయ్యి పౌన్లలోపు చిన్న పరికరాలకి రుసుము తీసుకోరు. అడగడానికి మొహమాటపడవద్దు.

చివరగా మన సంఘానికి ఒక విన్నపం. పండగలు బ్రహ్మాండంగా చేసుకుంటున్నాం. పులిహోర వండటానికి, రంగస్థలం అలంకరించడానికి ఇంతమంది ముందుకొస్తారే, ఊరికి ముగ్గురు నలుగురు "నా పేరు రాసుకోండి, పిలిస్తే వస్తాను" అనేవారు దొరకరా? ఏ ఊళ్ళో ఏ తెలుగు ఇంటికి ఎవరు పావుగంటలో చేరగలరో సంఘం ఒక పట్టిక తయారు చెయ్యాలి. ముందుగా వారి వివరాలు సరిచూసి, ఆ ఇంటివారికి పరిచయం చెయ్యాలి. వాళ్ళు ఓసారి వెళ్ళి కాఫీ తాగి, పెద్దావిడతో నాలుగు మాటలు తెలుగులో మాట్లాడి రావాలి. రేపు అర్ధరాత్రి ఆ ఇంట్లో గంట మోగితే తలుపు తీసుకుని వచ్చే మొహం ఆవిడకి తెలిసినదై ఉండాలి. పట్టికలో రాయడానికి కలం, కాగితం చాలు. ఈ పండగనాడు మన హాలు గుమ్మంలోనే మొదలుపెడదాం.