సముద్రం దారి మారింది... వాన రాత మారింది

ఖరీఫ్ నారుమళ్లు పోసే వేళకు రేడియోలో ‘ఎల్‌నినో’ మాట వినబడిందంటే డెల్టా రైతు గుండెల్లో రాయి పడ్డట్టే. ఎక్కడో పసిఫిక్ మహాసముద్రంలో నీళ్లు వేడెక్కితే ఇక్కడ ఆల్మట్టి, శ్రీశైలం, సాగర్ నిండకపోవడమేమిటి? ఆ నీటికీ మన చేనుకీ ఏమిటి సంబంధం? ఈ సంబంధం నిన్న మొన్నటిది కాదంటున్నారు శాస్త్రజ్ఞులు. లక్షలు, కోట్ల ఏళ్ల కిందట సముద్రాల మధ్య కొన్ని దారులు తెరుచుకుని, కొన్ని మూసుకుపోయి, ఇప్పటి వాతావరణం ఏర్పడింది.

సముద్రం నీరు చెరువు నీరులా ఒకచోట ఉండదు. కాలువల్లాగే పారుతుంది. పారేటప్పుడు వేడిని మోసుకుపోతుంది. ప్రకాశం బ్యారేజీ దగ్గర ఒక కాలువ షట్టర్లు దించేస్తే ఎక్కడో శివారు ఆయకట్టు ఎండిపోతుంది, ఆ నీరు ఇంకో దారి పడుతుంది. ఇది మనకు ఎవరూ చెప్పనక్కర్లేదు. సముద్రంలోనూ అంతే. భూఖండాలు కదిలి ఒక సందు మూసుకుంటే అటు వెళ్లే వేడినీరు ఇంకో వైపు మళ్లుతుంది. ఆ వేడి చేరిన చోట వాన, చేరని చోట కరువు.

ముందు మన ఇంటి దగ్గర కథ చూద్దాం. సుమారు 13 కోట్ల ఏళ్ల కిందట మన తూర్పు తీరానికి అవతల బంగాళాఖాతం లేదు. అంటార్కిటికా ఆనుకుని ఉండేది! విజయవాడ ఇంద్రకీలాద్రిలో కనబడే ఖోండలైటు రాయి తూర్పు కనుమల జాతిది. ఆ కనుమల రాళ్లకు జ్ఞాతులు ఇప్పటికీ తూర్పు అంటార్కిటికాలో మంచు కింద ఉన్నాయి. రెండు భూఖండాలూ విడిపోతే మధ్యలో పడిన గొయ్యిలోకి సముద్రం వచ్చింది. ఇప్పుడు గ్యాసు తీస్తున్న కృష్ణా-గోదావరి బేసిన్ పుట్టింది అలాగే.

భారత భూభాగం ఉత్తరానికి జరుగుతూ పోయింది. కొవ్వూరుకు దగ్గర్లోని పంగిడి, గౌరీపట్నం క్వారీల నుంచి నల్లరాతి కంకర మన రోడ్లకు వస్తుంది గదా. అది సుమారు 6.6 కోట్ల ఏళ్ల నాటి లావా. ఆ లావా పొరల నడుమ సముద్రపు గవ్వలు, చిప్పలు దొరుకుతాయి. అంటే అప్పటి తీరం అక్కడ! తర్వాత సుమారు 5 కోట్ల ఏళ్ల కిందట మన భూభాగం ఆసియాను గుద్దుకుంది. నడుమ ఉన్న టెథిస్ అనే సముద్రం నలిగి మాయమైంది, హిమాలయాలు లేచాయి. నైరుతి రుతుపవనాలు ఇంత బలంగా వీయడానికి హిమాలయాలు, టిబెట్ పీఠభూమి ముఖ్య కారణమని చాలామంది అంటారు. ఏ కారణం పాలు ఎంత అన్నదానిపై వాదనలు ఇంకా తెగలేదు.

మనల్ని వదిలిన అంటార్కిటికా నుంచి తర్వాత ఆస్ట్రేలియా, దక్షిణ అమెరికా కూడా విడిపోయాయి. దాని చుట్టూ చల్లటి ప్రవాహం తిరగడానికి దారి దొరికింది. 3.4 కోట్ల ఏళ్ల కిందట అక్కడ పెద్ద మంచుపలక పరుచుకుంది. గాలిలో బొగ్గుపులుసు వాయువు తగ్గడమే అసలు కారణమనేవారూ ఉన్నారు. రెండూ కలిసి వచ్చి ఉంటాయనిపిస్తుంది.

ఇక మనకు బాగా ముఖ్యమైన దారి ఇండొనేషియా దీవుల మధ్యది. పసిఫిక్ నుంచి హిందూ మహాసముద్రంలోకి వేడినీరు దూరే సందు ఇది. ఇప్పటికీ సెకనుకు సుమారు కోటిన్నర ఘనపు మీటర్ల నీరు దీంట్లోంచి వస్తోంది. మన లెక్కలో 53 కోట్ల క్యూసెక్కులు. 2024 సెప్టెంబరులో ప్రకాశం బ్యారేజీకి వచ్చిన రికార్డు వరద 11.43 లక్షల క్యూసెక్కులే. అలాంటి వరదలు 450కి పైగా ఒకేసారి, ఏడాది పొడవునా!

ఒకప్పుడు ఈ దారి ఇంకా వెడల్పు. ఆస్ట్రేలియా, న్యూగినీ ఏడాదికి ఓ బెత్తెడు చొప్పున ఉత్తరానికి జరుగుతున్నాయి. బెత్తెడే గదా అనుకోకండి, పది లక్షల ఏళ్లకు 70 కిలోమీటర్లవుతుంది. అలా 30, 40 లక్షల ఏళ్ల కిందటికి దారి ఇరుకైంది. మార్క్ కేన్, పీటర్ మోల్నార్ అనే అమెరికా శాస్త్రజ్ఞులు 2001లో దీని మీద ఒక వాదన వినిపించారు. అంతకుముందు దక్షిణ పసిఫిక్ నుంచి వేడినీరు వచ్చేదట. న్యూగినీ అడ్డుపడ్డాక ఉత్తర పసిఫిక్ నుంచి కాస్త చల్లటి నీరు రావడం మొదలైంది. హిందూ మహాసముద్రం చల్లబడింది, తూర్పు ఆఫ్రికాలో వానలు తగ్గాయి, అడవులు పోయి గడ్డి మైదానాలు వచ్చాయి. సముద్రం అడుగున తీసిన మట్టిలోనూ ఆ కాలానికి లోపలి నీరు చల్లబడిన గుర్తులు దొరికాయి. ఎల్‌నినోను ముందుగా లెక్కగట్టే నమూనాను 1980లలో తయారుచేసిన వారిలో కేన్ కూడా ఒకరు.

ఎల్‌నినో సంగతికొస్తే, మామూలు ఏళ్లలో వేడినీరు పసిఫిక్ పడమటి అంచున, అంటే ఈ సందు ముంగిట పోగుపడి ఉంటుంది. అక్కడ గాలి పైకి లేచి మబ్బు కడుతుంది. ఎల్‌నినో వస్తే ఆ వేడినీరు తూర్పుకు జరిగిపోతుంది, సందులోంచి వచ్చే ప్రవాహమూ తగ్గుతుంది. మబ్బులు దాని వెంటే పోతాయి. మన నెత్తిన గాలి కిందికి దిగుతుంది, వాన వెనుకబడుతుంది. ఈ చిక్కుముడిలో మొదటి పోగు దొరికింది మన దేశంలోనే. కరువుల కారణం వెతుకుతూ వాతావరణ శాఖ అధిపతి గిల్బర్ట్ వాకర్ 1904 నుంచి ఏళ్ల తరబడి లెక్కలు కట్టి, పసిఫిక్ గాలి ఒత్తిడికీ మన వానకీ ముడి ఉందని చెప్పాడు.

పనామా దగ్గర పసిఫిక్, అట్లాంటిక్‌ల మధ్య దారి కూడా సుమారు 30 లక్షల ఏళ్ల కిందట మూసుకుంది. ఉత్తరార్ధగోళంలో మంచుయుగాలు ముదిరింది ఆ తర్వాతే. మంచు పేరుకున్నప్పుడల్లా సముద్రం వెనక్కి తగ్గేది. 20 వేల ఏళ్ల కిందట సముద్ర మట్టం ఇప్పటికన్నా సుమారు 120 మీటర్లు కింద ఉంది. మంచు కరిగి సముద్రం పైకొచ్చి నిలబడ్డాక, గత ఆరేడు వేల ఏళ్లలో కృష్ణమ్మ తెచ్చిపోసిన ఒండ్రే దివిసీమ.

అందుకే ఆ పల్లపు నేలల్లో బోరు ఎంత లోతుకు దింపితే అంత మంచిదన్న లెక్క పనికిరాదు. లోతు పొరల్లో అప్పటి సముద్రపు ఉప్పు ఉంది. మంచినీరు పాత ఇసుక దిబ్బల్లో, పూడిన పాత ఏటి పాయల్లో పైపైన తేలి ఉంటుంది. కాబట్టి పక్క ఊళ్లో లోతు బోరు పడిందని తీర కండ్రికలో కూడా అలాగే తవ్వించి డబ్బు పారబోసుకోవద్దు. పైనీరు ఉన్నచోట కూడా తోడుడు ఎక్కువైతే కింది ఉప్పునీరు పైకి ఎగదన్నుతుంది.

పాత వానల లెక్క కూడా సముద్రం అడుగునే దొరికింది. 2006లో జాయిడెస్ రిజల్యూషన్ అనే ఓడ గ్యాస్ హైడ్రేట్ల కోసం మన తీరంలో తవ్వింది. గోదావరి నోటి ఎదుట తీసిన మట్టిలో ఆకుల మీది మైనం ఉంది. మెట్ట గడ్డి మైనం వేరు, చెట్ల ఆకుల మైనం వేరు. దాన్ని పరీక్షించి 2012లో తేల్చినదేమంటే, దక్కను ప్రాంతం సుమారు 4 వేల ఏళ్ల కిందట ఎండడం మొదలై, 1,700 ఏళ్ల కిందట ఇంకా ఎండింది. అప్పుడు ఏ సందూ మూసుకోలేదు. దారులు మారకపోయినా వాన మారుతుందన్నమాట.

రేడియోలో ఎల్‌నినో మాట రాగానే సాగు మానుకోవాలా? అక్కర్లేదు. 1997లో ఎల్‌నినో చాలా బలంగా వచ్చినా దేశంలో వాన మామూలుగానే పడింది. ఆ ఏడు హిందూ మహాసముద్రం పడమటి వైపు వేడెక్కి మనల్ని ఆదుకుందంటారు. 2002లో ఎల్‌నినో ఓ మోస్తరే, జులైలో మాత్రం దేశంలో సగం వాన కూడా పడలేదు. 2023 ఆగస్టు 1901 తర్వాత అంత పొడి ఆగస్టు. వాతావరణ శాఖ ఏప్రిల్‌లో ఒకసారి, మే ఆఖరులో ఇంకోసారి అంచనా చెబుతుంది. రెండోదాంట్లో ఎల్‌నినోతో పాటు ‘ఇండియన్ ఓషన్ డైపోల్’ ఎలా ఉందో కూడా చెబుతారు. నారు పోసే ముందు ఆ రెండో మాట కూడా అడిగి తెలుసుకోండి.