కుకీలు లేకుండా లాగిన్: సరే, మరి టోకెన్ ఎక్కడ దాస్తారు?

2023 మార్చిలో లైనస్ టెక్ టిప్స్ యూట్యూబ్ ఛానల్ హ్యాక్ అయిన రోజు గుర్తుందా? గాడ్జెట్ వీడియోలు ఉండాల్సిన చోట ఎలన్ మస్క్ బొమ్మతో క్రిప్టో స్కామ్ లైవ్‌లు నడిచాయి. ఎవరూ పాస్‌వర్డ్ కనిపెట్టలేదు, ఓటీపీ అడిగి తీసుకోలేదు. టీమ్‌లో ఒకరు స్పాన్సర్‌షిప్ ఆఫర్ అనుకుని పీడీఎఫ్‌లా కనిపించే ఫైల్ ఒకటి తెరిచారు. అందులోని మాల్వేర్ బ్రౌజర్‌లో ఉన్న సెషన్ టోకెన్లు ఎత్తుకెళ్లింది. అంతే, ఛానల్ చేతులు మారిపోయింది.

ఇలాంటివి విన్నప్పుడు కోడింగ్ నేర్చుకుంటున్నవాళ్లకి వచ్చే మొదటి డౌట్ ఒకటే. కుకీలతోనే ఇన్ని తిప్పలైతే, అసలు కుకీలు లేకుండా లాగిన్ సిస్టమ్ కట్టలేమా? కట్టొచ్చు. నాలుగైదు రకాలుగా కట్టొచ్చు. కాకపోతే ప్రతిదానికీ ఒక రేటు ఉంది.

ముందు కుకీ చేసే పనేంటో చూద్దాం. వెబ్ నడిచే హెచ్‌టీటీపీకి జ్ఞాపకశక్తి లేదు. మీరు లాగిన్ అయ్యి తర్వాతి పేజీ క్లిక్ చేస్తే, సర్వర్ దృష్టిలో మీరు మళ్లీ కొత్త మనిషే. 1994లో నెట్‌స్కేప్‌లో పనిచేసిన లూ మాంటుల్లి దీనికి కనిపెట్టిన మందే కుకీ. గుడి బయట చెప్పుల స్టాండ్ ఊహించుకోండి. చెప్పులిస్తే నంబర్ ఉన్న టోకెన్ ఇస్తాడు. తిరిగొచ్చాక టోకెన్ చూపిస్తే చెప్పులిస్తాడు, మీ మొహం చూడడు. సెషన్ కుకీ కూడా అంతే. టోకెన్ ఎవరి చేతిలో ఉంటే చెప్పులు వాళ్లవే. లైనస్ టీమ్ విషయంలో జరిగింది సరిగ్గా ఇదే.

కాబట్టి కుకీ వద్దంటే టోకెన్ వద్దని కాదు. దాన్ని వేరే జేబులో పెట్టాలి. అసలు ప్రశ్న ఆ జేబు ఏది అన్నదే.

అడ్రస్ బార్‌లో పెడితే

అన్నిటికన్నా ఈజీ దారి, సెషన్ ఐడీని లింక్ చివర తగిలించడం. పీహెచ్‌పీలో దీనికి సెట్టింగే ఉండేది, బ్రౌజర్‌లో కుకీలు ఆఫ్‌లో ఉంటే ప్రతి లింక్‌కీ అదే ఐడీ అతికించేది.

ఇంజినీరింగ్ మూడో ఏడాదిలో మా హాస్టల్ మెస్ కోసం నేనొక చిన్న సైట్ కట్టి ఈ పద్ధతే వాడాను. మెనూ మార్చే అధికారం నా లాగిన్‌కే ఉంది. ఓ శనివారం రాత్రి నా ల్యాప్‌టాప్‌లో మెనూ చూస్తున్న రూమ్మేట్, ఆ లింక్ కాపీ చేసి వాట్సాప్ గ్రూప్‌లో పడేశాడు. క్లిక్ చేసిన ప్రతివాడూ నేనైపోయాడు! తెల్లారేసరికి ఆదివారం చికెన్ తీసేసి మూడు పూటలా ఉప్మా పెట్టారు. అక్కడితో ఆగితే నవ్వుకునేవాళ్లం. ఎవడో సరదాకి పదిమంది పేర్ల ఎదురుగా 'మెస్ కట్' టిక్ తీసేశాడు. ఊళ్లకి వెళ్లినవాళ్లకి తినని రోజులకీ బిల్లు పడింది. ఎవరు చేశారో కనిపెట్టే దారే లేదు, ఎందుకంటే లాగ్‌లో ఉన్నదంతా నా పేరే.

లింక్ అంటేనే షేర్ చేసే వస్తువు. హిస్టరీలో ఉంటుంది, సర్వర్ లాగ్‌లో ఉంటుంది, స్క్రీన్‌షాట్‌లో ఉంటుంది. చెప్పుల టోకెన్ నంబర్ చొక్కా వీపు మీద రాసుకుని తిరిగినట్టే.

జపాన్ ఫోన్ల కథ

ఇది కాలేజీ పిల్లల తప్పు మాత్రమే అనుకోకండి. ఒక దేశం మొత్తం ఏళ్ల తరబడి ఇలాగే నడిచింది. జపాన్‌లో ఎన్‌టీటీ డొకోమో 1999లో ఐ-మోడ్ మొదలుపెట్టింది. స్మార్ట్‌ఫోన్లు రాకముందే ఫోన్లలో మెయిల్, బ్యాంకింగ్, టికెట్లు అన్నీ చూపించిన సర్వీస్ అది. కానీ 2009లో వచ్చిన కొత్త మోడళ్ల దాకా ఐ-మోడ్ బ్రౌజర్‌కి కుకీలంటే ఏంటో తెలీదు. కాబట్టి అక్కడి డెవలపర్లకి కుకీలు లేని లాగిన్ తప్పనిసరి వ్యవహారం.

వాళ్లు మొదట లింక్‌లో సెషన్ ఐడీ పెట్టారు. తర్వాత ఇంకో దారి దొరికింది. నెట్‌వర్క్ కంపెనీయే ప్రతి ఫోన్‌కీ ఒక ఐడీ ఇచ్చి, సైట్ అడిగితే పంపించేది. దాన్ని పట్టుకుని 'కంతాన్ లాగిన్', అంటే సులువైన లాగిన్ తయారు చేశారు. బటన్ ఒకటి నొక్కితే చాలు, పాస్‌వర్డ్ టైప్ చేయక్కర్లేదు. ఆ చిన్న కీప్యాడ్‌ల మీద అది నిజంగా వరమే.

చిక్కు ఎక్కడంటే, ఆ ఐడీ రహస్యం కాదు. అదే ఐడీ అన్ని సైట్లకీ వెళ్తుంది. అంటే మీరు చూసిన ఏ చెత్త సైట్ ఓనర్‌కైనా అది తెలుసు. రిక్వెస్ట్ నిజంగా ఆ కంపెనీ నెట్‌వర్క్ నుంచే వచ్చిందా అని సైట్ చెక్ చేయకపోతే, కంప్యూటర్‌లో అదే ఐడీతో దొంగ హెడర్ తయారు చేసి మీలా లాగిన్ అయిపోవచ్చు. పైగా పాస్‌వర్డ్ అయితే మార్చుకుంటాం, ఫోన్‌కి పుట్టిన ఐడీని ఎలా మారుస్తాం? మన దగ్గర 'మొబైల్ నంబర్ ఆటోమేటిక్‌గా గుర్తిస్తాం' అనే సర్వీసులు చూసినప్పుడల్లా నాకు ఈ కథే గుర్తొస్తుంది.

రౌటర్ పాప్-అప్

ఇంట్లో పాత వైఫై రౌటర్ సెట్టింగ్స్ తెరిస్తే, పేజీ రాకముందే యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ అడిగే బోసి బాక్స్ చూసే ఉంటారు. దాన్ని బేసిక్ అథెంటికేషన్ అంటారు. ఇక్కడ కుకీ లేదు, టోకెన్ కూడా లేదు. బ్రౌజర్ మీ పాస్‌వర్డ్‌నే గుర్తుపెట్టుకుని ప్రతి రిక్వెస్ట్‌తోనూ పంపుతుంది. అది బేస్ 64 రూపంలో వెళ్తుంది, అంటే లాక్ వేసినట్టు కాదు, లిపి మార్చి రాసినట్టు. హెచ్‌టీటీపీఎస్ లేకపోతే దారిలో ఎవరైనా చదివేయొచ్చు. సరైన లాగౌట్ కూడా ఉండదు, బ్రౌజర్ మూసేయడమే గతి. రౌటర్‌కి సరే, పదిమంది వాడే సైట్‌కి నేనైతే వాడను.

అందరూ పడే గుంత: లోకల్ స్టోరేజ్

ఇప్పుడు యూట్యూబ్ ట్యుటోరియల్స్‌లో ఎక్కువగా కనిపించేది ఇదే. లాగిన్ అవ్వగానే సర్వర్ ఒక జేడబ్ల్యూటీ టోకెన్ ఇస్తుంది. దాన్ని లోకల్ స్టోరేజ్‌లో పెట్టి, ప్రతి రిక్వెస్ట్‌కీ ఆథరైజేషన్ హెడర్‌లో పంపుతారు. ఒక లాభం నిజమే. కుకీ అయితే బ్రౌజర్ తనంతట తానే పంపేస్తుంది కాబట్టి, వేరే సైట్ మీ పేరుతో దొంగ రిక్వెస్ట్ పంపించే అవకాశం ఉంటుంది. హెడర్‌లో ఆ బెడద లేదు.

కానీ లోకల్ స్టోరేజ్‌ని పేజీలో నడిచే ఏ జావాస్క్రిప్ట్ అయినా చదవగలదు. మీరు తెచ్చుకున్న చాట్ విడ్జెట్, యాడ్ స్క్రిప్ట్, ఎన్‌పీఎమ్ ప్యాకేజీ, ఏదైనా సరే. వాటిలో ఒక్కటి పాడైతే టోకెన్ బయటికి పోయినట్టే. అదే కుకీకి 'హెచ్‌టీటీపీ ఓన్లీ' అనే ఒక్క మాట తగిలిస్తే జావాస్క్రిప్ట్‌కి కనిపించదు.

మరి లైనస్ కేసులో లాంటి మాల్వేర్ సంగతి? అక్కడ ఇంకా ఘోరం. విండోస్‌లో క్రోమ్ కుకీ విలువల్ని ఎన్‌క్రిప్ట్ చేసి దాస్తుంది. 2024లో వచ్చిన 127వ వెర్షన్ నుంచి ఆ లాక్‌ని క్రోమ్ యాప్‌కే ముడిపెట్టి ఇంకాస్త గట్టి చేశారు. లోకల్ స్టోరేజ్‌కి ఆ మాత్రం రక్షణ కూడా లేదు, మామూలు ఫైళ్లలో పడి ఉంటుంది. దొంగలకి భయపడి బీరువాలోంచి నగలు తీసి గూట్లో పెట్టినట్టయింది కదా! ఐఫోన్ యూజర్లకి ఇంకో చిరాకు: 2020 నుంచి సఫారీ, ఏడు రోజులు సైట్ వాడకపోతే స్క్రిప్ట్ రాసిన స్టోరేజ్‌ని తుడిచేస్తుంది. మీ లాగిన్ కూడా దాంతోపాటే పోతుంది.

కుకీ బ్యానర్ తప్పించుకోవడానికి ఈ దారి పట్టేవాళ్లూ ఉన్నారు. ఆ శ్రమ అనవసరం. యూరప్ రూల్స్ ప్రకారం లాగిన్‌లాంటి తప్పనిసరి కుకీలకి పర్మిషన్ అడగక్కర్లేదు. ట్రాకింగ్‌కి అయితే లోకల్ స్టోరేజ్ వాడినా అడగాల్సిందే.

ఆండ్రాయిడ్ యాప్ రాస్తుంటే మాత్రం కథ వేరు. అక్కడ టోకెన్‌ని కీస్టోర్ తాళంతో ఎన్‌క్రిప్ట్ చేసి దాచుకుని, హెడర్‌లో పంపొచ్చు. కుకీ లేని లాగిన్ హాయిగా కుదిరేది అక్కడే.

పాస్‌కీ వచ్చాక?

పాస్‌కీలో ప్రైవేట్ కీని సైట్‌కి ఎప్పుడూ పంపరు. సైట్ ఒక ప్రశ్న పంపితే మీ ఫోన్ సంతకం చేసి జవాబిస్తుంది. స్టాండ్ వాడు టోకెన్ అడగకుండా, ప్రతిసారీ కొత్త కాగితం మీద సంతకం పెట్టమన్నట్టు. కాజేయడానికి పాస్‌వర్డే లేదు. కానీ లాగిన్ అయిన తర్వాత? పేజీ మారిన ప్రతిసారీ వేలిముద్ర అడిగితే యూజర్ ఫోన్ విసిరికొడతాడు. అందుకే పాస్‌కీతో లోపలికి రానిచ్చిన సైట్ కూడా మామూలుగా మీ చేతిలో మళ్లీ ఒక కుకీనే పెడుతుంది.

నిజంగా కుకీ లేకుండా కనెక్షన్‌కే సంతకం అతికించే పద్ధతి ఒకటుంది, క్లయింట్ సర్టిఫికెట్. 2002 నుంచి జాతీయ ఐడీ కార్డులిస్తున్న ఎస్టోనియాలో జనం ఏళ్లపాటు ఈ పద్ధతిలోనే వెబ్‌సైట్లలో లాగిన్ అయ్యారు. పటిష్టమైనదే, కానీ కార్డ్ రీడర్ కావాలి, బ్రౌజర్ చూపించే సర్టిఫికెట్ బాక్స్ సామాన్యుడికి అర్థం కాదు, లాగౌట్ గందరగోళం.

నాకు నచ్చిన దారి ఈ రెంటికీ మధ్యలో ఉంది. 2024 ఏప్రిల్‌లో గూగుల్ డివైస్ బౌండ్ సెషన్ క్రెడెన్షియల్స్ అనే ప్రతిపాదన బయటపెట్టింది. కుకీ ఉంటుంది, కానీ కొద్ది నిమిషాలే బతుకుతుంది. కొత్తది కావాలంటే కంప్యూటర్‌లోని సెక్యూరిటీ చిప్‌లో ఉన్న కీతో సంతకం చేయాలి. మాల్వేర్ కుకీని కాపీ చేసుకుపోయినా, ఆ చిప్ దొంగ దగ్గర ఉండదు కదా.

అందాకా మీరు సైట్ కడుతుంటే, హెచ్‌టీటీపీ ఓన్లీ, సెక్యూర్, సేమ్‌సైట్ మూడూ పెట్టిన మామూలు సెషన్ కుకీనే వాడండి. మా మెస్ సైట్‌ని కూడా చివరికి అలాగే మార్చాను. యూజర్‌గా అయితే, ఏదైనా అనుమానం ఫైల్ తెరిచినట్టు అనిపిస్తే పాస్‌వర్డ్ మార్చి ఊరుకోకండి. శుభ్రంగా ఉన్న వేరే ఫోన్‌లోంచి గూగుల్ అకౌంట్ సెక్యూరిటీ పేజీకి వెళ్లి, 'మీ డివైస్‌లు' లిస్ట్‌లో ఆ కంప్యూటర్‌ని సైన్ అవుట్ చేయండి.