పెరుగు, పండు ఉంటే పుల్లైసు ఇంట్లోనే!

మిట్ట మధ్యాహ్నం. ఊరంతా తలుపులు వేసుకుని పడుకుని ఉంటుంది. వీధి మలుపులో గంట మోగుతుంది. సైకిలు వెనుక డబ్బా కట్టుకుని పుల్లైసు బండి వచ్చిందంటే చాలు, అప్పటిదాకా నిద్రపోతున్నట్టు నటించిన పిల్లలంతా లేచి కూర్చుంటారు. అమ్మ కొంగుముడి విప్పి చిల్లర తీసేదాకా వదలరు. నంద్యాల జిల్లాలో ఏ పల్లెకు వెళ్లినా వేసవిలో కనిపించే దృశ్యమే ఇది.

ఎండలు నలభై డిగ్రీలు దాటే ఈ సీమలో పిల్లలు చల్లటిది కావాలని అడగడంలో తప్పేమీ లేదు. చిక్కంతా ఒక్కచోటే ఉంది. ఆ పుల్లకు గడ్డకట్టిన నీళ్లు ఏ బావివో, ఏ తొట్టివో కొనే తల్లికి తెలియదు. చాలాసార్లు అమ్మే మనిషికీ తెలియదు.

అదే పుల్లైసును పెరుగుతో, పండుతో ఇంట్లోనే చేసుకుంటే ఆ బెంగ ఉండదు. ఇదేమీ కొత్త వింత కాదు. పెరుగన్నంలో మామిడిపండు నంజుకోవడం, అరటిపండు కలుపుకోవడం మన ఇళ్లలో తాతల నాటి అలవాటే. అందులో అన్నం తీసేసి పుల్ల గుచ్చితే పెరుగు ఐసు అయినట్టే.

గడ్డకట్టినా క్రిమి చావదు

నీళ్లు మరగబెడితే క్రిములు చస్తాయి కాబట్టి గడ్డకట్టించినా చస్తాయని చాలామంది అనుకుంటారు. ఇది పొరపాటు. చలికి క్రిములు కదలకుండా పడి ఉంటాయి తప్ప అన్నీ చావవు. ఐసు నోట్లో కరగగానే మళ్లీ లేస్తాయి. టైఫాయిడు, నీళ్ల విరేచనాలు, నీటి ద్వారా వచ్చే పచ్చకామెర్లు ఇలాగే పాకుతాయి. నీళ్లు ఎంత శుభ్రమో ఐసూ అంతే శుభ్రం. అంతకు మించి ఉండదు.

రంగుల సంగతి ఇంకొకటి. తినే వస్తువుల్లో ఏ రంగులు ఎంతవరకు కలపవచ్చో మన దేశంలో చట్టం ఉంది. కొన్ని రంగులకే అనుమతి ఉంది, వాటికీ హద్దు ఉంది. బట్టలకు వాడే రోడమిన్-బి లాంటి రంగులు తిండిలో పూర్తిగా నిషేధం. నాలుక ఎర్రబడినంత మాత్రాన అది చెడ్డ రంగని చెప్పలేం. అనుమతి ఉన్న రంగూ నాలుకకు అంటుతుంది. కంటితో చూసి తేల్చుకునే దారి లేదు కాబట్టి చిన్నపిల్లలకు రంగు ఐసు తగ్గించడమే మేలు.

ఇలా అన్నామని బండి మనిషిని తప్పుపట్టనవసరం లేదు. ఎండలో పది ఊళ్లు తిరిగి పొట్టపోసుకునేవాడు. పెట్టెలో సరుకు అతను చేసింది కాదు, ఫ్యాక్టరీలో తెచ్చింది. ప్యాకెట్టు మీద తయారు చేసినవారి పేరు, తేదీ, ఆహార భద్రత లైసెన్సు నంబరు ఉన్నాయా అని చూసి కొంటే చాలు. పది మంది అడగడం మొదలుపెడితే అతనూ అలాంటి సరుకే తెస్తాడు.

పెరుగులో ఏముంది?

రంగునీళ్ల ఐసులో చక్కెర తప్ప బలం ఏమీ ఉండదు. పెరుగు సంగతి అలా కాదు. వంద గ్రాముల ఆవు పెరుగులో సుమారు 3 గ్రాముల మాంసకృత్తులు, 150 మిల్లీగ్రాముల దాకా కాల్షియం ఉంటాయి. ఎదిగే పిల్లల ఎముకలకు, పళ్లకు ఇవి కావాలి. పాలు సరిగా అరగని పిల్లల్లో చాలామందికి పెరుగు పడుతుంది. పాలలోని చక్కెరను తోడు క్రిములు కొంత తినేస్తాయి కాబట్టి.

మామిడిపండులో ఉన్న పసుపుదనం మన ఒంట్లో ఎ విటమినుగా మారుతుంది. కంటిచూపుకు అది అవసరం. పండులో సహజంగానే తీపి ఉంటుంది కాబట్టి బెల్లం కొద్దిగా చాలు.

మామిడి పెరుగు ఐసు

జిల్లాలోని బనగానపల్లె పేరుతోనే దేశమంతా తెలిసిన పండు బంగినపల్లి మామిడి. 2017లో దీనికి భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది. పీచు లేని పండు కావడంతో ఐసుకు ఇంతకంటే మంచిది లేదు. రసాలైతే గుజ్జును జల్లెడలో వడకట్టుకోవాలి.

కావలసినవి ఇవి: మధ్యరకం మామిడిపళ్లు రెండు, గట్టి పెరుగు పావుకిలో, బెల్లం తురుము మూడు నాలుగు చెంచాలు, ఏలకులు రెండు, చిటికెడు ఉప్పు. వీటితో చిన్నవి ఏడెనిమిది పుల్లలు వస్తాయి.

మొదట పెరుగు సంగతి చూసుకోవాలి. బాగా కాచి చల్లార్చిన పాలలోనే తోడు వేయాలి. తోడుకోగానే పులవకముందే వాడాలి. పెరుగు నీళ్లగా ఉంటే ఉతికిన పలుచని గుడ్డలో మూటకట్టి గంటసేపు వేలాడదీయాలి. కిందికి దిగిన నీళ్లు పారబోయక్కర్లేదు, మజ్జిగలో కలుపుకోవచ్చు. ఇంత శ్రమ ఎందుకంటే, పెరుగులో నీళ్లు ఎక్కువైతే ఐసులో ముక్కలు ముక్కలుగా మంచు పలుకులు కడతాయి. నీళ్లు తగ్గితే మీగడలా మెత్తగా ఉంటుంది.

బెల్లంలో రెండు చెంచాల నీళ్లు పోసి మరిగించి వడకట్టాలి. మట్టి, నలకలు పోతాయి. పాకం పూర్తిగా చల్లారిన తర్వాతే పెరుగులో కలపాలి. వేడి మీద కలిపితే పెరుగు విరుగుతుంది.

మామిడిపళ్లు కడిగి, తొక్క తీసి, టెంక చుట్టూ గుజ్జు తీయాలి. మిక్సీ ఉంటే ఒక తిప్పు తిప్పాలి. లేకపోతే పప్పుగుత్తితో మెదిపి కవ్వంతో చిలికినా సరిపోతుంది. గుజ్జులో పెరుగు, బెల్లం పాకం, ఏలకుల పొడి, ఉప్పు వేసి కలపాలి. ఒక చుక్క నాలుక మీద వేసుకుని రుచి చూడాలి. మామూలుగా తినేదానికంటే పిసరంత తీపి ఎక్కువ ఉండాలి. చల్లగా ఉన్నప్పుడు నాలుకకు తీపి తక్కువ తెలుస్తుంది. అయితే బెల్లం మరీ ఎక్కువ వేస్తే ఐసు గట్టిపడదు.

అచ్చులు కొనాలని లేదు. చిన్న స్టీలు గ్లాసులు చాలు. నిండా పోయకుండా అర అంగుళం ఖాళీ వదలాలి. గడ్డకట్టేటప్పుడు నీరు ఉబ్బుతుంది. ఫ్రిజ్జు పై అరలో పెట్టి గంట, గంటన్నర తర్వాత కాస్త బిగుసుకున్నాక మధ్యలో పుల్ల గుచ్చాలి. ముందే గుచ్చితే పక్కకు పడిపోతుంది. పుల్లలు తినే ఐసులకు అమ్మేవే తెచ్చి, వేడినీళ్లలో ఉడికించి ఆరబెట్టి వాడాలి. దారిన దొరికినవి, వాడి పారేసినవి పనికిరావు. ఆరు నుంచి ఎనిమిది గంటల్లో, అంటే రాత్రి పెడితే తెల్లారేసరికి ఐసు సిద్ధం. గ్లాసును కొద్ది క్షణాలు మామూలు నీళ్లలో ఉంచి లాగితే ఊడి వస్తుంది.

ఏ పండుకు ఏ తీరు?

మహానంది చుట్టుపక్కల అరటితోటలకు పేరు. మామిడి కాలం అయిపోయినా అరటి దొరుకుతుంది. బాగా మాగిన పళ్లు రెండు మెదిపి పావుకిలో పెరుగులో కలిపితే వేరే మీగడ అక్కర్లేకుండానే ఐసు మెత్తగా వస్తుంది. అరచెక్క నిమ్మరసం పిండితే నల్లబడదు.

సపోటా గింజలు తీసి మెదిపితే చాలు, బెల్లం అవసరమే ఉండదు. జామపండైతే గుజ్జును జల్లెడ పట్టి గింజలు తీసేయాలి. నేరేడుపళ్లు వచ్చే రోజుల్లో నాలుగు పళ్ల గుజ్జు కలిపితే ఊదారంగు దానంతటదే వస్తుంది. ఎర్రరంగు కోసం మారాం చేసే పిల్లలకు ఉడికించిన బీట్‌రూట్ రసం రెండు చెంచాలు చాలు.

అనాసపండు విషయంలో ఒక జాగ్రత్త ఉంది. పచ్చి అనాసరసం పెరుగులోని మాంసకృత్తులను విరగ్గొడుతుంది. కాసేపటికే చేదెక్కుతుంది. ముక్కలను ఐదు నిమిషాలు ఉడికించి, చల్లార్చి కలిపితే ఆ బాధ ఉండదు. బొప్పాయి బాగా పండినదే వాడాలి, కలిపిన వెంటనే గడ్డకు పెట్టాలి. పుచ్చకాయలో నీరు ఎక్కువ. అది పెరుగులో కలిపితే మంచు పలుకులు కడుతుంది కాబట్టి రసం విడిగా పోసి, బిగుసుకున్నాక పైన పెరుగు పోస్తే రెండు రంగుల ఐసు అవుతుంది.

పళ్లు కొనేటప్పుడు కార్బైడు వేసి మాగబెట్టినవి కాకుండా చూసుకోవాలి. పళ్లు మాగబెట్టడానికి కార్బైడు వాడకం చట్టరీత్యా నిషేధం. పచ్చికాయ తెచ్చి ఇంట్లో వరిగడ్డిలో మాగేసుకుంటే అనుమానమే ఉండదు.

ఫ్రిజ్జు లేని ఇంట్లో?

ఫ్రిజ్జు లేనివారూ నిరాశపడనక్కర్లేదు. కుండ కుల్ఫీ అమ్మేవారి పద్ధతి ఉంది. ఐసుగడ్డను గోనెసంచిలో వేసి బాగా దంచాలి. మూడు పాళ్లు ఐసుకు ఒక పాలు కల్లుప్పు చొప్పున బకెట్లో పొరలు పొరలుగా వేయాలి. ఒట్టి ఐసు సున్నా డిగ్రీల దగ్గరే కరుగుతుంది. ఉప్పు పడితే ఆ చలి సున్నాకు దిగువన పదిహేను, ఇరవై డిగ్రీల దాకా దిగుతుంది. మూత గట్టిగా ఉన్న సన్నని స్టీలు అచ్చుల్లో పెరుగు మిశ్రమం పోసి ఆ ఐసులో నిలబెట్టి పైన గోనెపట్టా కప్పాలి. సన్నటి అచ్చులైతే గంట, గంటన్నరలో బిగుసుకుంటాయి. లావు గ్లాసులకు ఇంకా సమయం పడుతుంది.

ఇక్కడ మూడు విషయాలు మరవకూడదు. చేపలకు, పాల క్యాన్లకు వాడే ఐసుగడ్డ తినేది కాదు. అది అచ్చు లోపలికి పోకూడదు, ఉప్పునీటి మట్టం అచ్చు మూతకు కిందే ఉండాలి. తీసిన అచ్చును మంచినీళ్లతో కడిగాకే మూత తెరవాలి. రెండోది, ఉప్పు కలిసిన ఐసు చర్మాన్ని కాల్చినట్టు దెబ్బతీస్తుంది కాబట్టి పిల్లల చేతులు పెట్టనివ్వకూడదు. మూడోది, మిగిలిన ఉప్పునీటిని చెట్ల పాదుల్లో పోయకూడదు.

కరెంటు పోతే ఫ్రిజ్జు తలుపు మాటిమాటికీ తీయవద్దు. ఐసు కరిగిపోతే చల్లగా ఉన్నప్పుడే లస్సీలా తాగేయాలి. కరిగి వెచ్చబడినదాన్ని మళ్లీ గడ్డకు పెట్టి పిల్లలకు ఇవ్వకూడదు. చేసిన ఐసులను వారం రోజుల్లో ముగించడం మంచిది.

ఇది తినుబండారమే, మందు కాదు

ఏడాది నిండని పసిపిల్లలకు తేనె కలిపినది ఏదీ పెట్టకూడదు. చక్కెర జబ్బు ఉన్నవారు పండు తీపిని కూడా లెక్కలో వేసుకోవాలి. చిన్నపిల్లలు పుల్ల నోట్లో పెట్టుకుని పరుగెత్తకుండా కూర్చోబెట్టి తినిపించాలి.

బిడ్డకు విరేచనాలు పట్టుకుంటే ఐసు ఇచ్చి ఊరుకోకూడదు. ఆరోగ్య కేంద్రంలో ఇచ్చే ఓఆర్ఎస్ పొడి కలిపి పట్టాలి. అది చేతిలో లేకపోతే కాచి చల్లార్చిన లీటరు నీటిలో ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు, రెండూ తలకొట్టి కొలిచి కలిపి కొద్దికొద్దిగా తాగించాలి. ఎండదెబ్బ తగిలి ఒళ్లు కాలిపోతూ, మనిషి తికమకగా మాట్లాడుతుంటే నీడకు చేర్చి, తడిగుడ్డతో ఒళ్లంతా తుడుస్తూ 108కి కబురు చేయాలి.

ఇంట్లో రుచి కుదిరాక నలుగురికీ అమ్మాలనుకునే మహిళలు ముందుగా ఆహార భద్రత అధికారుల వద్ద పేరు నమోదు చేయించుకోవాలి. నీళ్లు, పాలు, చేతులు, గిన్నెలు, ఈ నాలుగూ శుభ్రంగా ఉంటే కొనేవారికి వెరపు ఉండదు.

రేపు మధ్యాహ్నం కూడా వీధిలో గంట మోగుతుంది. పిల్లలు లేచి కూర్చుంటారు. అప్పటికి ఇంట్లో నాలుగు మామిడి పుల్లలు సిద్ధంగా ఉంటే, కొంగుముడిలో చిల్లర అక్కడే ఉంటుంది. అమ్మ గుండెల్లో బెంగ మాత్రం ఉండదు.