మందు పిచికారి యంత్రముల సంరక్షణము, మరమ్మతు

దోమల నివారణకై యిండ్ల గోడలపై మందు చల్లు పిచికారి యంత్రమును, రైతు పైరుపై మందు చల్లు యంత్రమును నిర్మాణమున ఒక్క తీరువే. అయినను పైరుపై మందు చాలనిచో పురుగు చావకుండుట రైతు శీఘ్రముగ గుర్తించును. గోడపై మందు చాలని సంగతి కంటికి గోచరింపదు; తరువాత జ్వరముల లెక్కలో మాత్రమే బయటపడును. కావున ఈ క్రింది విషయములు మునిసిపలు, తాలూకా అధికారులు గమనింపవలసి యున్నవి.

1897 ఆగస్టు 20వ తేదీన సికిందరాబాదులో రోనాల్డ్ రాస్ మలేరియా క్రిమిని దోమ కడుపులో కనుగొనెను. పిమ్మట బెంగాలు నాగపురము రైల్వేవారి మలేరియా శాస్త్రజ్ఞుడు సీనియర్-వైట్ జయపురపు కొండలలో దోమలను పరిశోధించెను. ఆ రైల్వే యొక్క కర్మాగారము గల పట్టణము ఖరగ్‌పూరు. అచట ట్రాఫిక్ మున్నగు పేటలలో తెలుగు కుటుంబములు తరతరములుగా నివసించుచున్నవి. వాల్వు, వాషరు, గొట్టపు బిగింపు తెలిసిన పనివారు అట్టి పట్టణమున కొదువ కారు. కావలసినది నైపుణ్యముకంటె క్రమము తప్పని తనిఖీ.

నాజిలు పరీక్ష.— జాతీయ మలేరియా కార్యక్రమపు సూచనల ననుసరించి నాజిలునుండి నిమిషమునకు 740 మొదలు 850 మిల్లీలీటర్ల మందు వెలువడవలెను. నిర్ణీతమైన ఒత్తిడిలో ఒక్కొక్క నిమిషము చొప్పున మూడుమారులు కొలపాత్రలో నీరు పట్టి సగటు చూడవలెను. 850కి మించినచో రంధ్రము అరిగినదని యెరిగి ఆ నాజిలు కొనను పారవేయవలెను. 800 వెలువడవలసిన చోట 600 మాత్రమే వెలువడినచో గోడకు ముప్పాతిక వంతు మోతాదే అందును. దోమ చావదు, పుస్తకములో మాత్రము ఇల్లు పూర్తియైనట్లు నమోదగును. చాలని మోతాదునకు తాళిన దోమల సంతతి ఆ మందునకే లొంగకుండపోవు ప్రమాదమును గలదు.

మూసుకొనిన రంధ్రము.— నీట కలిపిన పొడిమందు అడుగున పేరుకొని జల్లెడను, నాజిలును మూయును. మందును వడకట్టి పోయుటయే దీనికి నివారణ. మూసుకొనిన కొనను నీట నానబెట్టి మెత్తని కుంచెతో కడుగవలెను. తీగతో పొడిచినచో రంధ్రము చెడును. నోటితో ఊదుట ప్రాణాపాయము.

ఒత్తిడి నిలువకుండుట.— గాలి నింపి, అతుకులపై సబ్బునీరు పూయవలెను. బుడగ లేచినచోట వాషరు మార్చవలెను. పంపులోని తోలు వాషరు ఎండినచో నూనె పట్టింపవలెను. ఒత్తిడిని పూర్తిగా వదలక మూత విప్పరాదు.

దినాంతపు శుద్ధి.— ప్రతి సాయంకాలము తొట్టి, గొట్టము, జల్లెడ, నాజిలు కడిగి, తొట్టిని తలక్రిందుగా ఆరబెట్టవలెను. కడిగిన నీటిని కాలువలలోను, బావులయొద్దను పోయరాదు. నీటి వనరులకు దూరముగ గోయి త్రవ్వి అందు పోయవలెను.

రైతులయొద్ద యంత్రములు ఎరవు తెచ్చుట యుక్తము కాదు. ఆకులకై చేసిన నాజిలు మందును శంఖాకారముగా చిమ్మును. గోడకు విసనకఱ్ఱవలె పరచునది కావలెను. కలుపుమందు శేషముండుటయు హానికరము.

ప్రతి విడత పనికి ముందు నాజిళ్లు, వాషర్లు, జల్లెడలు నిలువయుంచి, ప్రతి యంత్రమునకు సంఖ్య వేసి, పరీక్షించిన తేదీని, కొలతను పుస్తకములో వ్రాయించవలెను. కొలత లేని యంత్రమును పనికి పంపరాదు.