అలుగు: సృష్టికర్త చేతిపని, మన కావలి

ఉపోద్ఘాతము

సుమారు ఇరువది సంవత్సరముల క్రితము మేము నల్లమల అడవి అంచున ఒక గ్రామ సంఘములో పరిచర్య చేయుచుండగా, ఒక రాత్రి కూడిక ముగిసిన తరువాత ఇద్దరు యౌవనస్థులు ఒక గోనెసంచి తెచ్చి మా యెదుట విప్పిరి. పొలుసులతో కప్పబడి బంతివలె చుట్టుకొనియున్న జంతువు అందులో ఉండెను. అది అలుగు. "అయ్యగారూ, ఇది దేనికి పనికొస్తుంది? దేవుడు దీన్ని ఎందుకు చేశాడంటారు?" అని వారిలో ఒకడు అడిగెను. దేవుని చేతిపనిని గూర్చి మేము నాలుగు మాటలు చెప్పితిమి. తరువాతి ఆదివారము దానినే దృష్టాంతముగా తీసికొని ప్రసంగించితిమి. అయితే ఆ సంచి అక్కడనుండి ఎక్కడికి పోయెనో మేము అడుగలేదు. ఆనాటి ప్రశ్నకు లేఖనముల వెలుగులో సరియైన జవాబు వెదకుటయే ఈ వ్యాసము యొక్క ఉద్దేశము.

1. అలుగు నిర్మాణము, జీవన విధానము

అలుగు అనగానే చెరువు నిండి నీరు పొర్లు చోటు మనకు జ్ఞాపకము వచ్చును. ఇక్కడ మనము చెప్పుకొనుచున్నది ఆంగ్లములో పాంగోలిన్ అనబడు జంతువును గూర్చి. వీటిలో ఆసియాలో 4, ఆఫ్రికాలో 4, మొత్తము 8 జాతులను సాధారణముగా లెక్కింతురు. మన ప్రాంతపు అడవులలోనిది భారతీయ అలుగు. ఒంటినిండ పొలుసులున్నను ఇది చేప కాదు, ప్రాకెడు పురుగు కాదు. పిల్లకు పాలిచ్చి పెంచు జంతువు. ఆ పొలుసులు మన గోళ్ళలోనుండు కెరాటిన్ అను పదార్థముతోనే ఏర్పడినవి.

దీనికి పళ్ళు లేవు. చీమలు, చెదలు దీని ఆహారము. బలమైన గోళ్ళతో పుట్టను త్రవ్వి, జిగురుగల పొడవైన నాలుకను లోనికి పోనిచ్చును. ఆ నాలుక మొదలు నోటిలో కాదు, ఛాతీ లోపల ఉండును. నమలు పనిని బలమైన కడుపు కండరములును, మింగిన చిన్న రాళ్ళును చేయును. సాధారణముగా ఒక్క పిల్లనే కని, తల్లి దానిని తోకపై మోసికొని తిరుగును. అపాయము వచ్చినప్పుడు పిల్లను పొట్టయొద్ద దాచి చుట్టుకొనును. అట్లు చుట్టుకొనిన అలుగును విప్పుట చిరుతపులికి సైతము కష్టమే.

2. మన ప్రసంగములలోని లోపము

ఇటువంటి సంగతులు చెప్పి, "ఇదంతయు దానంతటదే కలిగెనా?" అని మనము సంఘమును అడుగుచుందుము. సృష్టిని చూచి సృష్టికర్తను ఘనపరచుట రోమా 1:20 ప్రకారము తగినదే. అయితే అక్కడితో ఆగిపోయినయెడల ఒక చిక్కు మిగులును. చిరుతను ఆపు ఆ కవచము మనిషిని ఆపలేదు. పారిపోక, కరువక, చుట్టుకొని పడియుండు జంతువును సంచిలో వేసికొనుటకు రెండు చేతులు చాలును. దానిని కాపాడు అలవాటే వేటగానికి సహాయమగుచున్నది. కవచము ఒక్కటే సృష్టికర్త జ్ఞానమునకు రుజువని మనము బోధించినయెడల, గోనెసంచి యెదుట ఆ బోధ ఏమగును?

3. యోబు గ్రంథపు సాక్ష్యము

యోబు "దేవుడున్నాడా?" అని అడుగలేదు, తన శ్రమకు కారణము అడిగెను. దేవుడు 38-41 అధ్యాయములలో అతనిని అడవి జంతువుల మధ్యకు నడిపించెను. నరులు లేని చోట వర్షము కురియుచున్నది (38:26). అడవిగాడిద పట్టణపు సందడిని లక్ష్యపెట్టదు (39:5-8). గురుపోతు నాగలికి లొంగదు (39:9-12). యుద్ధాశ్వము తప్ప 39వ అధ్యాయములోని జంతువులేవియు మనిషి సేవకు వచ్చునవి కావు. అయినను దేవుడు వాటి ఆహారమును, కాన్పును ఎరిగి వాటిని గూర్చి ఆనందముతో మాటలాడుచున్నాడు.

కాబట్టి "దేనికి పనికొస్తుంది?" అను ప్రశ్నకు ముందు "ఇది ఎవరిది?" అను ప్రశ్న రావలెను. 104వ కీర్తన (20-23) రాత్రిని అడవి జంతువులకును, పగటిని మనిషి పనికిని పంచుచున్నది. అలుగు రాత్రివేళ సంచరించునది. ఆ రాత్రి దానికి దేవుడిచ్చిన పాలు.

4. ఏలుట, కాచుట

ఆదికాండము 1:28లోని ఏలుబడిని 2:15తో కలిపి చదువవలెను. అక్కడ "కాచుట" అనుటకు హెబ్రీలో షామర్ అను క్రియ వాడబడినది. యాజకుడు పలుకు ఆశీర్వాదములోను (సంఖ్యా 6:24), 121వ కీర్తనలోను దేవుడు మనలను కాపాడుటకు ఇదే మాట. తమ్మునికి తాను కావలివాడనా అని కయీను తప్పించుకొనజూచినదియు ఈ మాటతోనే (ఆది 4:9). దేవుడు మనలను ఎట్లు కాచుచున్నాడో అట్లే ఆయన సృష్టిని మనము కాయవలెను. చిరుతనుండి అలుగును కాచుటకు దేవుడు పొలుసులిచ్చెను. మనిషినుండి దానిని కాచుటకు ఆయన నియమించిన కవచము మనిషి విధేయతయే.

5. సంఘమునకు అన్వయము

ఈ పొలుసులు మందుగా పనిచేయునను నమ్మకముతో చైనా, వియత్నాం దేశములకు దొంగచాటుగా తరలింపబడుచున్నవి. గోరు తిన్నందున రోగము పోదని మన విశ్వాసులకు తేటగా చెప్పవలెను. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టపు మొదటి షెడ్యూలులో అలుగు ఉన్నది. దానిని వేటాడినను, అమ్మినను 3 నుండి 7 సంవత్సరముల జైలుశిక్ష పడవచ్చును. 8 జాతుల అంతర్జాతీయ వాణిజ్యముపై 2016లో నిర్ణయింపబడిన నిషేధము 2017 జనవరిలో అమలులోనికి వచ్చెను.

అయితే గద్దింపు ఒక్కటే కాపరి పని కాదు. లాభము దళారికి పోవును. జైలుకు పోవువాడు మన సంఘపు బీదవాడు. అతని ఇంటి అప్పు, పిల్లల ఫీజు మనకు తెలిసియుండవలెను. ఎవరైనను అలుగును పట్టి తెచ్చినయెడల, అటవీశాఖవారికి తెలియజేయుటకు అతనితోకూడ మనమును నిలువవలెను.

ముగింపు

ఆనాటి యౌవనస్థునికి మేము దేవుని జ్ఞానమును గూర్చి చెప్పినది అబద్ధము కాదు, కాని సగమే. ఆ మాటలు వినుచున్నప్పుడు జంతువు సంచిలోనే ఉండెను. అటువంటి రాత్రి మరల వచ్చినయెడల, మొదట దానిని అడవికి చేర్చు మార్గము చూచి, ఆ తరువాతనే ప్రసంగమునకు పూనుకొందుము.