తిరస్కృత చిత్రాల పునర్దర్శనం: వైయక్తిక శ్రేణీకరణలో తీర్పు, సవరణ

వ్యాససంగ్రహం: చూసిన సినిమాలను మెచ్చిన క్రమంలో పేర్చి జాబితా రాసుకొనే ప్రేక్షకులు, ఒకప్పుడు బాగాలేదని కిందికి నెట్టిన చిత్రాలను మళ్లీ చూడడం ఎందుకు, ఎలా అన్నది ఈ వ్యాస విషయం. తొలి తిరస్కారానికి కారణం ప్రతిసారీ చిత్రంలోనే ఉండదు. అది ప్రేక్షకుల మనఃస్థితిలోనో, చిత్రాన్ని చూసిన సాధనంలోనో కూడా ఉండవచ్చు. ఈ కారణాలను విడదీయడానికి అభినవగుప్తుని రసవిఘ్న వివేచన ఉపకరిస్తుందని, అలా విడదీయకుండా స్థానాలు మార్చితే ఆ జాబితా విమర్శగా నిలవదని వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: పునర్దర్శనం, శ్రేణీకరణ, రసవిఘ్నాలు, ప్రతీక్షాపరిధి, సహృదయత, సినిమా విమర్శ.

1. ఉపోద్ఘాతం

సినిమాలకు వరుస సంఖ్యలు ఇవ్వడం విమర్శకులకే పరిమితమైన పని కాదు. నోటు పుస్తకంలో ఏటేటా నచ్చిన పది చిత్రాల పేర్లు రాసుకొనేవారు ఎప్పటి నుంచో ఉన్నారు. 2011లో ప్రారంభమైన లెటర్‌బాక్స్‌డ్ వంటి వేదికలు వచ్చాక, చూసిన ప్రతి చిత్రానికి తేదీ వేసి నక్షత్రాలు ఇచ్చే అలవాటు మరింత వ్యాపించింది. ఇటువంటి జాబితా ఏళ్ల తరబడి పెరుగుతుంది. ఇరవై ఏళ్ల వయసులో ఇచ్చిన తీర్పు, నలభై ఏళ్ల వయసులో ఇచ్చిన తీర్పు అందులో పక్కపక్కనే, సమాన ప్రమాణం గలవి అన్నట్లుగా నిలుస్తాయి.

అగ్రస్థానంలోని చిత్రాలను ఇష్టం కొద్దీ మళ్లీ మళ్లీ చూస్తారు. అడుగున పడిన వాటిని మళ్లీ చూసేవారు అరుదు. కాబట్టి జాబితాలో అతి తక్కువ పరీక్షకు గురయ్యేవి తిరస్కార తీర్పులే. ఒక్కసారి, ఒక్క రోజు, ఒకానొక మనఃస్థితిలో ఇచ్చిన తీర్పు శాశ్వత నిర్ణయంగా మిగిలిపోతుంది. ఈ తీర్పులను తిరిగి విచారించేటప్పుడు ఏ ఆధారాలను పరిగణించాలో పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం.

2. తీర్పు మారిన కొన్ని సందర్భాలు

బ్రిటిష్ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ వెలువరించే ‘సైట్ అండ్ సౌండ్’ పత్రిక 1952 నుంచి పదేళ్లకు ఒకసారి విమర్శకుల అభిప్రాయాలు సేకరించి ఉత్తమ చిత్రాల జాబితా ప్రకటిస్తోంది. ఆల్‌ఫ్రెడ్ హిచ్‌కాక్ ‘వెర్టిగో’ 1958లో విడుదలై మిశ్రమ స్పందన పొందింది. 1962, 1972 జాబితాల తొలి పదిలో దానికి చోటు లేదు. 1982లో ఏడవ స్థానం, 1992లో నాలుగు, 2002లో రెండు, 2012లో ఒకటి: ఇదీ దాని ప్రయాణం.

ఈ మార్పుకు ఒక కారణాన్ని చిత్ర నిర్మాణంలోనే గుర్తించవచ్చు. కథలోని రహస్యాన్ని హిచ్‌కాక్ చివరి దాకా దాచలేదు. దాదాపు మూడింట రెండు వంతుల కథ గడిచాక ప్రేక్షకులకు చెప్పేశాడు, నాయకునికి మాత్రం చెప్పలేదు. అపరాధ పరిశోధన కోసం వచ్చినవారికి ఇది లోపంగా తోస్తుంది. రహస్యం ముందే తెలిసి చూసేవారికి, ఒక స్త్రీని తన ఊహలోని మరో స్త్రీగా మలచుకోవాలనుకొనే పురుషుని వ్యామోహం కథాకేంద్రంగా కనిపిస్తుంది. ఈ చిత్రం రెండవసారి చూసినప్పుడే పూర్తిగా తెరుచుకొంటుంది.

అయితే ఇది సామూహిక జాబితా. ఓటు వేసేవారు దశాబ్దానికొకసారి మారుతారు. 2012లో 846 మంది విమర్శకులు పాల్గొనగా 2022లో ఆ సంఖ్య 1639కి పెరిగింది. అంతకుముందు తొలి పదిలో లేని షాంతల్ అకెర్‌మాన్ ‘జాన్ డీల్‌మాన్’ (1975) ఆ ఏడు అగ్రస్థానానికి చేరింది. సామూహిక జాబితాలో మనుషులు మారి తీర్పు మారుతుంది. వైయక్తిక జాబితాలో మనిషి ఒక్కరే. ఇక్కడ మార్పు అంటే తన పాత మాటను తానే కాదనడం.

అలా కాదన్న విమర్శకులు ఉన్నారు. 1967లో ఆర్థర్ పెన్ చిత్రం ‘బానీ అండ్ క్లైడ్’ను ‘న్యూస్‌వీక్’ విమర్శకుడు జో మోర్గన్‌స్టెర్న్ తీవ్రంగా ఖండించారు. ఆ తరువాత భార్యతో కలిసి, మామూలు ప్రేక్షకుల నడుమ మళ్లీ చూసి, తన తొలి తీర్పు అన్యాయమైనదని మరుసటి సంచికలోనే రాశారు. ‘న్యూయార్క్ టైమ్స్’ విమర్శకుడు బోస్లీ క్రౌథర్ అదే చిత్రాన్ని పలుమార్లు విమర్శించి, తన అభిప్రాయానికే కట్టుబడ్డారు. రోజర్ ఈబర్ట్ 1993లో ‘గ్రౌండ్‌హాగ్ డే’కు నాలుగింట మూడు నక్షత్రాలు ఇచ్చి, 2005లో దానిని తాను తక్కువగా అంచనా వేశానని ఒప్పుకొని గొప్ప చిత్రాల వరుసలో చేర్చారు. వీరందరికీ భిన్నంగా, ఏ చిత్రాన్నైనా ఒక్కసారే చూస్తాననే నియమంతో పాలిన్ కేల్ ప్రసిద్ధురాలు. తొలి స్పందనలోని తాజాదనం మళ్లీ దొరకదన్న వాదనకు బలం లేకపోలేదు. అందుచేత పునర్దర్శనం తొలి దర్శనాన్ని రద్దు చేస్తుందని ముందే అనుకోకూడదు. రెండింటినీ సాక్ష్యాలుగానే స్వీకరించాలి.

3. ప్రతీక్షాపరిధి: 2010 నాటి రెండు తెలుగు చిత్రాలు

పాఠకులు ఏ రచననూ ఖాళీ మనసుతో చదవరని, అంతకుముందు చదివినవి ఏర్పరచిన ఎదురుచూపుతోనే దానిని సమీపిస్తారని జర్మన్ సాహిత్య సిద్ధాంతకర్త హాన్స్ రాబర్ట్ యౌస్ 1960ల చివర వివరించాడు. ఈ భావననే ‘ప్రతీక్షాపరిధి’ అనవచ్చు. సినిమా విషయంలో ఈ పరిధిని తారల ప్రతిష్ఠ, దర్శకుల గత చిత్రాలు, ప్రచారం కలిసి నిర్మిస్తాయి.

2010 అక్టోబరులో విడుదలైన ‘ఖలేజా’ ఇందుకు తగిన ఉదాహరణ. ‘అతడు’ (2005) తరువాత త్రివిక్రమ్ శ్రీనివాస్, మహేశ్‌బాబు కలిసి చేసిన చిత్రం అది. ‘అతిథి’ (2007) తరువాత మూడేళ్ల విరామంతో కథానాయకుడు తెరపైకి వచ్చాడు. మితభాషి, గంభీరుడు అయిన ‘అతడు’ నాయకుణ్ణి ఆశించినవారికి, మాటల పుట్ట అయిన టాక్సీ డ్రైవరు, అతణ్ణి దేవుడని నమ్మే గ్రామం ఎదురయ్యాయి. చిత్రం వ్యాపారపరంగా విఫలమైంది. తరువాత టెలివిజన్ ప్రసారాలలో అదే హాస్యం ఇంటింటా ఆదరణ పొందింది. 2025 మే నెలలో చిత్రాన్ని థియేటర్లలో మళ్లీ విడుదల చేశారు.

అదే ఏడాది నవంబరులో వచ్చిన భాస్కర్ చిత్రం ‘ఆరెంజ్’కూ ఇటువంటి స్థితే ఎదురైంది. ‘మగధీర’ (2009)లో జన్మజన్మల ప్రేమకు ప్రతీకగా నిలిచిన రామ్‌చరణ్, ఇందులో ప్రేమ కలకాలం ఒకేలా నిలవదని వాదించే యువకుడు. పరాజయం పాలైన ఈ చిత్రం 2023లో పునర్విడుదలై ప్రేక్షకులను రాబట్టింది.

ఈ ఆదరణ చిత్ర గుణానికి నిరూపణ కాదు. పునర్విడుదల నాటి ఉత్సాహంలో తారాభిమానం, యౌవనస్మృతి, పాటలపై మమకారం కలిసి ఉంటాయి. పాత ప్రతీక్షాపరిధి తొలగిన మాట నిజమే, కానీ దాని స్థానంలో కొత్తది ఏర్పడింది. మొదటిసారి నిరాశ తీర్పును వక్రీకరించినట్లే, రెండవసారి ఆప్యాయత వక్రీకరించగలదు. అందువల్ల కారణాలను మరింత సూక్ష్మంగా విభజించే పరికరం అవసరమవుతుంది.

4. రసవిఘ్నాలు: తిరస్కార కారణాల వర్గీకరణ

నాట్యశాస్త్రం ఆరవ అధ్యాయంలోని రససూత్రాన్ని వ్యాఖ్యానిస్తూ అభినవగుప్తుడు రసాస్వాదానికి అడ్డువచ్చే ఏడు విఘ్నాలను పేర్కొన్నాడు. అవి సంభావనావిరహం, స్వగత పరగత దేశకాల విశేషావేశం, నిజసుఖాది వివశీభావం, ప్రతీత్యుపాయ వైకల్యం, స్ఫుటత్వాభావం, అప్రధానత, సంశయయోగం. నాటకాన్ని ఉద్దేశించి చెప్పిన ఈ విభాగాన్ని పునర్దర్శన అవసరం కోసం మూడు వర్గాలుగా అమర్చుకోవచ్చు. ఈ అమరిక ప్రస్తుత వ్యాసానికి పరిమితమైనది.

మొదటి వర్గం ప్రేక్షకులకు చెందినది. నిజసుఖాది వివశీభావం అంటే తన సొంత సుఖదుఃఖాలలో మునిగి ఉండడం. పరీక్ష తప్పిన రోజు, ఇంట్లో రోగి ఉన్న రోజు చూసిన హాస్యచిత్రం రుచించకపోవచ్చు. దేశకాల విశేషావేశం వల్ల తెరపై పాత్రను తనతోనో, తనకు తెలిసిన వ్యక్తితోనో ముడిపెట్టుకొని, ఆ వ్యక్తిపై కోపాన్ని చిత్రంపై చూపడం జరుగుతుంది. సంభావనావిరహం, అంటే ఇలా జరగడం సాధ్యమేనా అన్న అవిశ్వాసం, చాలా సందర్భాలలో ఆ చిత్రరీతితో పరిచయం లేకపోవడం వల్ల కలుగుతుంది. పాటల మధ్య కథ నడవడం అలవాటు లేనివారికి భారతీయ చిత్రాలు, నిశ్శబ్దం అలవాటు లేనివారికి ‘జాన్ డీల్‌మాన్’ మొదట ఇలాగే తోస్తాయి.

రెండవ వర్గం సాధనానికి చెందినది. ప్రతీత్యుపాయ వైకల్యం అంటే గ్రహించే ఉపాయంలోనే లోపం ఉండడం. స్ఫుటత్వాభావం అంటే గ్రహించినది స్పష్టంగా లేకపోవడం. అరిగిన ప్రింటు, ఇరుపక్కలా కత్తిరించిన చట్రం, సరిగా వినిపించని సంభాషణ, తప్పుల తడకగా ఉన్న ఉపశీర్షికలు, నిమిషనిమిషానికీ ప్రకటనలు ఈ కోవకు చేరుతాయి.

మూడవ వర్గం కృతికి చెందినది. ముఖ్యమైనదాన్ని వదిలి అముఖ్యమైనదాన్ని సాగదీయడం అప్రధానత. ఒక చేష్ట ఏ భావాన్ని సూచిస్తోందో తేలకపోవడం సంశయయోగం. ఈ లోపాలు ప్రశాంత చిత్తంతో, మంచి ప్రతిలో చూసినా మిగిలే ఉంటాయి.

మొదటి రెండు వర్గాల విఘ్నాల వల్ల తిరస్కరించిన చిత్రం పునర్దర్శనానికి అర్హమైనది. మూడవ వర్గానికి చెందిన కారణాన్ని నాడే స్పష్టంగా గుర్తించి ఉంటే, మళ్లీ చూసినా తీర్పు మారే అవకాశం తక్కువ.

5. చూసింది ఏ ప్రతి?

ప్రాచీన కావ్య పరిష్కర్తలు తాళపత్ర ప్రతులను పోల్చి పాఠాంతరాలు నిర్ణయించనిదే కవి గుణదోషాలు చెప్పడానికి పూనుకోరు. సినిమాకూ పాఠాంతరాలు ఉన్నాయి. జాన్ రెన్వార్ ‘రూల్స్ ఆఫ్ ద గేమ్’ 1939లో పారిస్‌లో విడుదలైనప్పుడు ప్రేక్షకులు ఆగ్రహించారు. దర్శకుడు చిత్రాన్ని కుదించాడు, కొద్ది నెలలకే నిషేధం పడింది, యుద్ధకాలపు బాంబుదాడిలో మూల నెగెటివు నాశనమైంది. దొరికిన ముక్కలతో పునర్నిర్మించిన ప్రతి 1959లో వెలుగు చూసింది. రిడ్లీ స్కాట్ ‘బ్లేడ్ రన్నర్’ 1982లో నాయకుని స్వగత వ్యాఖ్యానంతో విడుదలైంది. 1992, 2007 ప్రతులలో ఆ వ్యాఖ్యానం లేదు, ముగింపు కూడా వేరు.

1982 ప్రతిని తిరస్కరించి 2007 ప్రతిని మెచ్చిన వ్యక్తి అభిప్రాయం మార్చుకున్నట్లు కాదు. ఆయన రెండు వేర్వేరు పాఠాలపై రెండు తీర్పులు ఇచ్చారు. ఏ ప్రతి చూశారో నమోదు చేయని జాబితాలో ఈ భేదం మాయమవుతుంది.

6. పునర్దర్శన పద్ధతి

పై వివేచన నుంచి వైయక్తిక జాబితాకు కొన్ని నియమాలు ఏర్పడతాయి. మొదటిది, పాత తీర్పును చెరిపివేయకూడదు. తేదీ, చూసిన ప్రతి, తిరస్కార కారణం ఉంచి, వాటి కింద కొత్త తీర్పు రాయాలి. కారణం గుర్తులేకపోతే ఆ సంగతే రాయాలి, కొత్తగా కల్పించరాదు. రెండవది, రెండు తీర్పులకు సగటు కట్టకూడదు. జ్వరంతో చూసిననాటి రెండు మార్కులు, ఆరోగ్యంగా చూసిననాటి నాలుగు మార్కులు కలిపి మూడు చేస్తే, ఆ మూడు ఏ అనుభవాన్నీ సూచించదు. మూడవది, కొత్త స్థానాన్ని అంకెతో మొదలుపెట్టకుండా పోలికతో నిర్ణయించాలి. జాబితాలో ఒక చిత్రాన్ని తీసుకొని, మళ్లీ చూసిన చిత్రం దానికన్నా మేలా కాదా అని తేల్చుకొంటూ పోతే స్థానం తానే కుదురుతుంది.

నాలుగవ నియమం వీటన్నింటికన్నా ముఖ్యం. అడుగున ఉన్న చిత్రాలకే రెండో అవకాశం ఇస్తే, మారే ప్రతి తీర్పూ దాదాపు పైకే మారుతుంది. అడుగున ఉన్నదానికి ఇంకా కిందికి పోయే చోటు అంతగా లేదు. కాలక్రమంలో జాబితా మొత్తం ఉదారంగా తయారవుతుంది, ఆ ఔదార్యాన్ని పరిణతిగా పొరబడే ప్రమాదమూ ఉంది. తిరస్కృత చిత్రం ఒకటి చూసినప్పుడల్లా అగ్రస్థానంలోని చిత్రం ఒకటి అదే నిష్ఠతో చూడాలి. తొలినాటి మెప్పు కూడా నిజసుఖాది వివశీభావ ఫలితమే అయి ఉండవచ్చు.

మళ్లీ చూసినా నచ్చని చిత్రం విషయంలో పునర్దర్శనం వృథా కాదు. మొదట ‘విసుగు’ అని ఒక్క మాటతో తోసిపుచ్చినదానికి, ఇప్పుడు ఎక్కడ అప్రధానమైనది ప్రధానాన్ని కమ్మేసిందో సన్నివేశం పేరుతో చెప్పగలిగితే, తిరస్కారం విమర్శగా మారినట్లే.

7. ముగింపు

తొలి తీర్పు పర్యవసానాలు చిత్రంతో ఆగవు. గురుదత్ ‘కాగజ్ కే ఫూల్’ 1959లో పరాజయం పొందింది. నేడు అది హిందీ సినిమా ఉత్తమ కృతులలో ఒకటిగా లెక్కకు వస్తోంది. కానీ ఆ పరాజయం తరువాత గురుదత్ మరే చిత్రానికీ దర్శకునిగా తన పేరు వేసుకోలేదు, 1964లో మరణించాడు. ఆలస్యంగా వచ్చిన గుర్తింపు చిత్రానికి దక్కింది, దర్శకునికి దక్కలేదు. ఒక ప్రేక్షకుని నోటు పుస్తకానికి అంత శక్తి లేకపోవచ్చు. అయినా సామూహిక తీర్పు అనేది అటువంటి వేల తీర్పుల మొత్తమే.

సహృదయునికి కావ్యపరిశీలన అనే అభ్యాసం వల్ల మనోదర్పణం నిర్మలమవుతుందని ఆలంకారికులు చెప్పారు. అద్దం ఒకప్పుడు మసకగా ఉండేదని అంగీకరించినవారే దానిని తుడుచుకోగలరు. తిరస్కృత చిత్రాన్ని తిరిగి చూసే ప్రేక్షకులు ఆ చిత్రంతో పాటు, దానిని తిరస్కరించిననాటి తమను కూడా పరిశీలిస్తున్నారు. జాబితాలో పాత తీర్పు, కొత్త తీర్పు, రెండింటి కారణాలు పక్కపక్కన ఉన్నప్పుడే ఈ పరిశీలన మరొకరికి ఉపయోగపడుతుంది.